నేరం మొరానిది కాదు

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్‌లో పెరటి తోట ప్రస్తావన ఎత్తితే చాలు, మూడు మాటలు వరసగా వచ్చి మీద పడతాయి. ‘‘ఈ మొరంలో మొక్క బతుకుతుందేటి?’’ అన్నది మొదటిది, మొరం అంటే ఇక్కడి ఎర్ర గులకరాతి నేల. ‘‘బతికినా క్వార్టరు మనది కాదు కదా, రిటైరైన రోజున తాళం అప్పజెప్పి పోవడమే’’ అన్నది రెండోది. ‘‘గోల్‌బజార్‌లో కూరలు కొంటే గుప్పెడు మిరపకాయలు కొసరుగా వేస్తాడు, దానికింత పాట్లెందుకు’’ అన్నది మూడోది. ఈ మూడూ కలిసి మా కాలనీలో ఎదురులేని సిద్ధాంతంగా స్థిరపడిపోయాయి. కొత్తగా పెళ్లై వచ్చిన కోడలు వెనక జాగాలో నాలుగు వంగ మొక్కలు పెట్టబోతే, పక్కింటి పిన్నిగారు నవ్వుతూ చెప్పే మొదటి లోకజ్ఞానం ఇదే.

విచిత్రమేమిటంటే, ఈ మాట చెప్పే ఇళ్ల గోడల పక్కనే కరివేపాకు చెట్టు నిటారుగా నిలబడి ఉంటుంది. మునగ కొమ్మలు ఫిబ్రవరిలో పూత బరువుకు వంగిపోతాయి. రేకుల మీదికి ఏ ఆనప పాదో దానంతటదే ఎక్కి ఉంటుంది. ఇవేవీ లెక్కలోకి రావు. వాటిని మనం పెంచలేదట, అవే పెరిగాయట. నేల చెడ్డదని చెప్పడానికి చచ్చిన మొక్కలు సాక్ష్యానికి వస్తాయి గాని, బతికిన చెట్లను సాక్షులుగా ఎవరూ పిలవరు.

ఈ సిద్ధాంతం తప్పు. రెండో, మూడో వాదనల్లో ఎంతో కొంత పస ఉంది, వాటి సంగతి తర్వాత చూద్దాం. అందరూ తిరుగులేనిదని నమ్మే మొదటి మాటే, నేల గురించిన మాటే, అన్నిటికన్నా డొల్ల.

మనవాళ్లు ఇక్కడికి ఏ నేల వదిలి వచ్చారో ఒకసారి గుర్తు చేసుకోవాలి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ 1887లో పుట్టింది. ఖరగ్‌పూర్ నుంచి కటక్‌కు రైలు 1899లో కలిసింది. 1902లో తూర్పు తీరపు మార్గంలోని ఉత్తర భాగం కూడా ఆ కంపెనీ చేతికే వచ్చింది. పలాస, శ్రీకాకుళం రోడ్డు, విజయనగరం స్టేషన్లలో ఎక్కినవాడు వర్క్‌షాపు పని వెతుక్కుంటూ నేరుగా ఖరగ్‌పూర్‌లో దిగే దారి అలా పడింది. అలా దిగినవాళ్లలో ఎక్కువమంది కృష్ణా, గోదావరి డెల్టా ఒండ్రులో కాళ్లు తడిపినవాళ్లు కారు. వాళ్ల ఊళ్లలో మెట్ట ఎర్రనేల. గోగు వేసే నేల. జీడి తోటల నేల. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల మెట్టల్లో నారకోసం గోగు ఎంత పండించేవారంటే, ఆ పంటకు కొత్త రకాలు తీయడానికి ఆమదాలవలసలో పరిశోధన స్థానమే ఉంది. మన గోంగూర ఆ గోగుకు అక్కచెల్లెలు. పలాస జీడి పండే ఎర్రమట్టికీ, ఖరగ్‌పూర్ దాటి ఝార్‌గ్రామ్ వైపు వెళ్తే కనిపించే జీడి తోటల మట్టికీ పోలిక చూడటానికి పరీక్షశాల అక్కర్లేదు, రైలు కిటికీ చాలు. అక్కడి కన్నా ఇక్కడ వాన ఎక్కువ, పులుపు ఎక్కువ, గులకరాయి ఎక్కువ. అంతే తేడా. ఎర్రనేల నుంచి ఎర్రనేలకు వచ్చినవాళ్ల మనవలు, మునిమనవలు ‘‘మన ఊరి మట్టి వేరు, ఇది వేరు’’ అని నిట్టూరుస్తుంటే ఆ ఊరి మట్టిని వాళ్లెప్పుడు చూశారో అడగాలనిపిస్తుంది.

‘‘గుంటూరు మిరప నల్లరేగడిలో కదా పండేది?’’ అని అడిగేవాళ్లు ఉన్నారు. మంచి ప్రశ్నే, కాని అడిగినవాళ్లకే ఎదురు తిరుగుతుంది. గుంటూరు వైపు ఏడాదికి పడే వాన 850 మిల్లీమీటర్ల దరిదాపు. నల్లరేగడి ఆ కాస్త తడినీ కడుపులో దాచుకుని చేనును నడిపిస్తుంది. ఖరగ్‌పూర్‌లో పడేది 1500 మిల్లీమీటర్ల పైచిలుకు. అందులో మూడొంతులు జూన్ నుంచి సెప్టెంబరు లోపే కుమ్మరిస్తుంది. ఇంత వాన నల్లరేగడి మీద పడితే మిరప వేళ్లు ఊపిరాడక కుళ్లిపోతాయి. మిరప దేన్నైనా ఓర్చుకుంటుంది గాని, రెండు రోజులు మొదట్లో నిలిచిన నీటిని ఓర్చుకోదు. కుండపోత వానను గంటలో కిందికి జార్చేసే నేల, కాస్త వాలు, గులకరాళ్ల సందుల్లో గాలి: ఖరగ్‌పూర్ మెట్ట అడగకుండానే ఇచ్చే వసతులు ఇవి. వానాకాలపు మిరపకు ఇంతకన్నా ఏం కావాలి? ఎవరైతే మొరాన్ని తిట్టి, లారీ లెక్కన కాసాయి నది ఒండ్రు తోలించి, గోతులు తవ్వి నింపుకున్నారో, వాళ్ల మొక్కలే ముందు చచ్చాయి. గట్టి మొరంలో గొయ్యి తవ్వి మెత్తటి మట్టితో నింపితే ఆషాఢంలో అది తొట్టె అవుతుంది. చుట్టుపక్కల నీరంతా వచ్చి అందులో చేరుతుంది, పోవడానికి దారి ఉండదు. చచ్చిన మొక్కను పీకి, ‘‘చెప్పానా, ఈ నేలలో ఏమీ రాదు’’ అంటారు. ఆ మొక్కను చంపింది కొని తెచ్చిన మట్టి.

మొరానికి లోపాలు లేవని నేననడం లేదు. ఉన్నాయి, అవి ఏవో కూడా తెలుసు. పక్కనే హిజ్లీలో 1951 నుంచి ఐఐటీ ఉంది. అందులోని వ్యవసాయ ఇంజనీరింగ్ విభాగంవాళ్లు ఇదే ఎర్రమట్టిలో ఏళ్ల తరబడి పైర్లు వేసి చూస్తున్నారు. ఝార్‌గ్రామ్‌లో బిధాన్ చంద్ర కృషి విశ్వవిద్యాలయానికి ఎర్రనేలల కోసమే పరిశోధన కేంద్రం ఉంది. వాళ్లెవరూ ఈ నేలను బంజరుగా వదిలేయమనలేదు. ఇది పుల్లటి నేల అంటారు. పీహెచ్ 5, 5.5 దగ్గర తిరుగుతుంటుంది. మిరపకు, టమాటాకు, వంగకు 6 దాటితే హాయి. పులుపు వల్ల వచ్చే అసలు చిక్కు భాస్వరం దగ్గర. మట్టిలోని ఇనుము, అల్యూమినియం భాస్వరాన్ని గట్టిగా పట్టుకుని వేళ్లకు అందనివ్వవు. అందుకే ‘‘డీఏపీ గుప్పిళ్లతో చల్లాను, అయినా మొక్క ఎదగలేదు’’ అన్న ఫిర్యాదు. చల్లిన భాస్వరాన్ని మొక్క కన్నా ముందు ఇనుము తినేసింది. అదే గుప్పెడు సూపర్ ఫాస్ఫేటునో ఎముకల పొడినో బాగా చివికిన గత్తంలో కలిపి, చల్లకుండా, నాటే చోట వేళ్ల దగ్గరే పెడితే చాలావరకు దక్కుతుంది.

పులుపుకు మందు సున్నం. చదరపు మీటరుకు ఓ గుప్పెడు పొడి సున్నం, నాటడానికి రెండు మూడు వారాల ముందు, మట్టిలో బాగా కలిసేలా. గత్తం వేసిన రోజునే సున్నం వేస్తే గత్తంలోని నత్రజని ఘాటుగా గాలిలో కలిసిపోతుంది, కనుక రెంటికీ నడుమ వారం పది రోజులు ఎడం ఉంచాలి. గోడలకు వేసే సున్నం గురించి తెలియని రైల్వే క్వార్టరు ఉంటుందా? ప్లాట్‌ఫారం అంచు నుంచి చెట్ల మొదళ్ల దాకా సున్నం పూసిన సంస్థలో బతుకుతూ, పెరట్లో గుప్పెడు వేయడానికి మనకు చేతులు రాలేదు.

మూడో లోపం బోరాన్. ఈ మాట ఎవరి నోటా వినపడదు గాని, బెంగాల్ ఎర్రనేలల్లో ఇది పాత సమస్య. కాలీఫ్లవర్ కాడ లోపల బోలుగా, గోధుమరంగుగా ఉందా? టమాటా పగిలిందా? బొప్పాయి కాయ బొడిపెలు బొడిపెలుగా వచ్చిందా? నేలకు శాపం తగిలిందనుకునే ముందు చదరపు మీటరుకు ఒక్క గ్రాము బోరాక్స్ వేసి చూడాలి. ఒక్క గ్రామే. చెంచాలతో వేస్తే విషమవుతుంది. ఎర్రనేల పంటను దెబ్బతీస్తున్నది చాలాసార్లు ఈ ఒక్క గ్రాము లోటే.

ఇన్ని చెప్పినా మొక్క చావడానికి నేలలోని ఈ లోపాలు పెద్ద కారణం కావు. పెద్ద కారణం క్యాలెండరు.

మా దగ్గర తోట బుద్ధి పుట్టేది జనవరి చివర్లో. చలి తగ్గి, ఎండ హాయిగా ఉండి, గేట్ బజార్ దారిలో నారు మొక్కలు కనిపిస్తాయి. కొని తెచ్చి ఫిబ్రవరిలో నాటుతారు. ఏప్రిల్‌లో పూతకు వచ్చేసరికి పైన 40 డిగ్రీలు. పగలు 35 దాటితే మిరప పూత నిలవదు, రాలిపోతుంది. ఏ మట్టిలో పెట్టినా అంతే, ఒండ్రులో పెట్టినా, బస్తాలో పెట్టినా. పూత రాలిన పది రోజులకు కాలబైశాఖి గాలి వచ్చి కొమ్మలు విరిచేస్తుంది. అప్పుడు గృహస్థు మొరాన్ని చూసి ఉమ్ముతాడు.

నీటి లెక్కా ఇదే చెబుతుంది. మే నెలలో ఇక్కడి ఎండకు చదరపు మీటరు మడి రోజుకు ఆరు లీటర్లకు తగ్గకుండా ఆవిరి చేస్తుంది. డిసెంబరులో రెండు, మూడు లీటర్లు చాలు. పది చదరపు మీటర్ల మడికి వేసవిలో రోజూ నాలుగు బకెట్లు మోయాలి, చలికాలంలో అందులో సగానికి మించి పట్టదు. వేళకు వచ్చి వేళకు పోయే కుళాయి నీళ్లతో బతికే కాలనీలో మిరపను వేసవికి అప్పగించడం తెలివైన పనా?

కాలం మారిస్తే కథ మారుతుంది. రైల్వే ఊళ్లో మరిచిపోలేని పండగ విశ్వకర్మ పూజ. ఏటా సెప్టెంబరు 17 ప్రాంతంలోనే వస్తుంది, తిథితో పని లేదు. ఆ రోజుకు మిరప, వంగ, టమాటా నారు మొలిచి ఉండాలి. అంటే కృష్ణాష్టమి తర్వాత ఎప్పుడో, పుబ్బ కార్తెలో, పైన రేకో ప్లాస్టిక్ పట్టానో అడ్డం పెట్టి, ఎత్తైన నారుమడిలోనో పాత ట్రేలోనో విత్తనం వేయాలి. దుర్గా పూజ పందిళ్లు విప్పి, వానలు వెనక్కి తగ్గాక, నెల పది రోజుల నారును బోదెల మీద నాటాలి. డిసెంబరులో తొలి కాయ. మార్చి చివరిదాకా కాపు. నీడ పట్టున ఉన్న మొక్క ఏప్రిల్ కూడా లాగుతుంది. వేసవిని బెండకు, తోటకూరకు, బచ్చలికి, ఆనపకు, దోసకు వదిలేయాలి. అవి వేడిని ఇష్టంగానే భరిస్తాయి. వానాకాలంలో కూడా మిరప కావాలంటే మేలో నారు పోసి, ఆరుద్రలో అడుగు ఎత్తు బోదెల మీద నాటాలి. బోదె లేకుండా నాటితే నేనేమీ చెప్పలేను.

విత్తనం సంగతీ ఒకటుంది. పోపుల డబ్బాలోని ఎండుమిరపకాయ గింజలు చల్లి, మొలవలేదని నేలను తిట్టేవాళ్లను చూశాను. ఆ కాయ ఏ ఎండలో ఎంత ఎండిందో, ఏ గోదాములో ఎన్నాళ్లుందో తెలియదు. పైగా సంకర రకమైతే మొలిచిన మొక్క తల్లిలా ఉండదు. పచ్చిమిరపకు పూసా జ్వాలా చాలు. మనవాళ్ల నోటికి గుంటూరు రుచే కావాలంటే లాం పరిశోధన స్థానం రకాలున్నాయి: జి-4 అని పిలిచే భాగ్యలక్ష్మి, ఎల్‌సీఏ-334 లాంటివి. ఇక్కడి బెంగాలీ ఇళ్లలో ధానీ లంకా, సూర్యముఖి పెంచుతారు. పైకి చూసే చిన్న కాయలు, చెవుల్లోంచి పొగలొచ్చే కారం. మా వాళ్లు వాటిని చిన్నచూపు చూస్తారు గాని, ఈ నేలకు, ఈ వానకు అవి ఎప్పుడో అలవాటు పడ్డాయి.

ఇక తెగుళ్ల దగ్గరకు వస్తే, ‘‘నేల చెడ్డది’’ అన్న మాటకు అసలు పుట్టిల్లు ఇక్కడే ఉందని నా అనుమానం. సాయంత్రం దాకా కళకళలాడిన వంగ మొక్క మర్నాటికి తల వేలాడేస్తుంది. ఆకు పచ్చగానే ఉంటుంది, మచ్చ ఉండదు, పురుగు ఉండదు. నీళ్లు పోస్తే లేవదు. నాలుగు రోజుల్లో పక్క మొక్క, తర్వాత టమాటా, తర్వాత మిరప. ఇంత వింతగా చస్తే ఎవరైనా నేలనే అనుమానిస్తారు. అది బాక్టీరియా ఎండు తెగులు. వేడి, తడి, పులుపు మూడూ కలిసిన మట్టిలో రెచ్చిపోతుంది, అంటే తూర్పు భారతమంతా దాని పుట్టినిల్లే. కనిపెట్టడం సులువు. వాడిన కాండాన్ని నేలకు దగ్గరగా కోసి, కోసిన ముక్కను గాజు గ్లాసులోని శుభ్రమైన నీటిలో వేలాడదీయాలి. కొద్ది నిమిషాల్లో కోత దగ్గర నుంచి పాలలాంటి తీగ కిందికి జారితే నేరస్థుడు దొరికినట్టే.

దీన్ని మడిలోకి పిలిచి కూర్చోబెట్టింది మనమే. వంగ, టమాటా, మిరప, బంగాళాదుంప నాలుగూ ఒకే కుటుంబం. ఎండ బాగా పడే మూల ఒక్కటే కదా అని ఏటా అదే మడిలో ఒకదాని తర్వాత ఒకటి పెడతాం. తెగులుకు ఏడాది పొడవునా విందు. వాడిన మొక్కను పీకి పక్క మడి గట్టు మీదే పడేస్తాం. ఆ మడికి రెండు మూడేళ్లు గోంగూర, మొక్కజొన్న, ఉల్లి, ఆకుకూరలు వేసి, సున్నంతో పులుపు తగ్గించి, కడగని గునపంతో ఒక మడి నుంచి ఇంకో మడికి పోకుండా ఉంటే తెగులు బలం తగ్గుతుంది. తట్టుకునే రకాలూ ఉన్నాయి. వంగలో అర్కా కేశవ్, అర్కా నీలకంఠ్, టమాటాలో అర్కా రక్షక్ బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చినవే. ఉస్తి మొక్కకు వంగ అంటు కట్టడం ఇంకో దారి, చేయి తిరిగినవాళ్లకు. గ్లాసు నీళ్ల పరీక్ష చేయకుండా నేలకు శిక్ష వేసే హక్కు ఎవరికీ లేదు.

మిరపలో ముడత మరో కథ. ఆకు ముడిస్తే మా కాలనీ అంతటికీ ఒకటే వైద్యం: ఇంగువ కలిపిన పుల్లమజ్జిగ. చల్లినవాళ్లకు తృప్తి, మొక్కకు స్నానం. ఆకు అంచులు పైకి లేచి పడవలా అయితే తామర పురుగులు. అంచులు కిందికి ముడిచి, ఆకు సాగి, కాడ పొడవైతే తెల్లనల్లి. రెండూ వేరు, మందులూ వేరు. తామర పురుగులకు నీలం జిగురు అట్టలు, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె కాస్త సబ్బుతో కలిపి సాయంత్రం పూట, ఆకుల అడుగు తడిసేలా కొట్టాలి. నల్లికి లీటరుకు 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం, అదీ ఎండ మండని రోజున. ఆకులు చిన్నవై, గుత్తులుగా గిడసబారి, మొక్క ఎదగడం మానేస్తే అది తెల్లదోమ తెచ్చిన వైరస్. దానికి ఏ మందూ లేదు. పీకి కాల్చేయాలి, కళ్లు మూసుకునైనా సరే. 2021-22లో ఆంధ్ర, తెలంగాణ మిరప రైతులు నల్ల తామర పురుగు దెబ్బకు కళ్లముందే చేలు పోగొట్టుకున్నారు. మిరపకు పుట్టినిల్లులాంటి చోట, మంచి నేలల్లో, ఏళ్ల అనుభవం ఉన్న చేతుల్లో అలా జరిగింది. అక్కడెవరూ తమ నేల పనికిరాదని తీర్మానించలేదు.

నేలను వదిలి కొబ్బరి పీచు సంచుల్లోకి పారిపోయిన కొత్త తరానికి కూడా ఓ మాట. మేడ మీద ఉండేవాళ్లకు సంచులు తప్పవు, వాళ్లను ఏమీ అనను. కాని కింద పదడుగుల జాగా పెట్టుకుని, ఆన్‌లైన్‌లో తెప్పించిన మట్టిమిశ్రమం సంచుల్లో నింపి, ఆ జాగా మీదే వరసగా పేర్చిన పెరళ్లు చూస్తే నవ్వొస్తుంది. ఏప్రిల్‌లో ఆ సంచి పొద్దున తడిపితే మధ్యాహ్నానికి ఎండుతుంది. వేరుకు కిందికి పోయే దారి లేదు. పోషకం ఏదైనా మనం పోస్తేనే. ఆ డబ్బులో నాలుగో వంతు పెట్టి రెండు బస్తాల గత్తం, ఒక సంచి సున్నం కొంటే అదే జాగా మూడేళ్లు కాయలిస్తుంది. ఎండుటాకులు ఊడ్చి తగలబెట్టే బదులు మొక్క మొదట్లో పరిస్తే మొరం వేడెక్కదు, తడి ఆరదు. న్యూ సెటిల్‌మెంట్ చెట్ల కింద ఎండుటాకుకు కరువా?

‘‘క్వార్టరు మనది కాదు’’ అన్న రెండో మాటలో నిజం ఉంది. మామిడి నాటేవాడికి అది నిజం, పనసకు నిజం. మిరప నాటిన రెండున్నర నెలలకు కాయ ఇస్తుంది. తోటకూర పాతిక, ముప్ఫై రోజులకు కోతకు వస్తుంది. బదిలీ ఆర్డరు వచ్చి సామాన్లు కట్టుకునే లోపు ఇంకో కోత కూడా దక్కవచ్చు. రైల్వే జాగాలో కూర పండిస్తే ఎవరేమంటారోనన్న బెంగ ఉన్నవాళ్లకు తెలియాల్సింది ఏమిటంటే, పట్టాల పక్క ఖాళీ జాగాను సిబ్బందికి కూరగాయల సాగుకు ఇచ్చే పథకం రైల్వేకే ఉండేది. ‘గ్రో మోర్ ఫుడ్’ అన్నది దాని పేరు, 1940ల కరువు రోజుల్లో దేశమంతా మోగిన నినాదం అది. ముంబై లోకల్ రైల్లో వెళ్లేవాళ్లు పట్టాల పక్కన చూసిన పాలకూర మడులు దాని చలవే. పట్టాల పక్క సాగుకు జాగా ఇచ్చిన సంస్థ వంటింటి వెనక నాలుగు బోదెలకు అడ్డుపడుతుందా? పాత ఒంటి అంతస్తు క్వార్టర్లకు ముందూ వెనకా అంత జాగా వదిలి కట్టారు. అది పాత స్కూటర్లకు, విరిగిన కుర్చీలకు అని కాదు గదా.

ఈ వాదన వెనక ఇంకో మనస్తత్వం ఉంది, చెప్పకుండా ఉండలేను. నాలుగు తరాలుగా ఇక్కడే ఉండి, పిల్లల్ని ఇక్కడి ఆంధ్రా హైస్కూల్లో చదివించి, ఏటా మాతా పూజకు ఘటాలు ఎత్తి, ఇంకా ‘‘మన ఊరు ఇది కాదు’’ అనడం. ఆ ఊళ్లో అమ్మేయగా మిగిలిన గట్టు మీద మొక్క నాటరు, ఈ ఊళ్లోనూ నాటరు.

మూడో వాదన డబ్బు. ఇక్కడ నేను కొంత ఒప్పుకుంటాను. కొసరు మిరపకాయలు ఉన్నంతకాలం మిరప పెంచి డబ్బు మిగిల్చానని ఎవరైనా అంటే నమ్మకండి. ఎండుమిరప సంగతి మరీ కష్టం. పండు మిరపకాయలు ఎండితే నాలుగో వంతుకు తూగుతాయి. ఇంటి మొక్క పచ్చికాయ లెక్కన అర కిలో ఇస్తే గొప్ప. ఆవకాయకు, సాంబారు పొడికి, ఏడాది పొడవునా కూరలకు కావలసిన కారం పెరట్లోంచి రావాలంటే పెరడు కాదు, చేను కావాలి. యూట్యూబులో మేడ మీద బస్తాడు మిరప చూపించేవాళ్ల మాటలు విని మోసపోవద్దు. కారానికి గుంటూరు నుంచి తెప్పించుకోవడమే దారి. ఇన్నాళ్లూ చేస్తున్నదీ అదే.

పచ్చిమిరపకు మాత్రం నలుగురున్న ఇంటికి నాలుగైదు మొక్కలు చాలు. దాని లాభం రూపాయల్లో కొలిచేది కాదు. పచ్చిమిరప మన దేశంలో మందులు ఎక్కువ పడే పంటల్లో ఒకటి. 2014లో సౌదీ అరేబియా మన పచ్చిమిరప దిగుమతి ఆపేసింది, అవశేషాలు పరిమితి దాటాయని. అక్కడివాళ్లు వెనక్కి తిప్పిన సరుకు లాంటిదే మనం కడిగీ కడగక పచ్చళ్లలో నూరుకుంటున్నాం. కొసరు వేసిన గుప్పెడులో ఎన్ని మందులు కొసరు వచ్చాయో బజారువాడికీ తెలియదు.

డబ్బు కలిసొచ్చేది ఆకుకూరల దగ్గర, కోసిన గంటకు వాడే సరుకు దగ్గర. లేత గోంగూర పొద్దున కోస్తే మధ్యాహ్నానికి పప్పులో ఉండాలి. బజారులో సాయంత్రానికి అమ్మే కట్ట అప్పటికే ముదిరి, నీళ్లు చల్లి చల్లి నల్లబడి ఉంటుంది. మనం తినే పసుపు కూర దోస, లేత ఆనప, కరివేపాకు, ఇంటి చుట్టూ తీగ పాకే బచ్చలి, చారులోకి చేతికందే కొత్తిమీర: వీటి లెక్క నెలకు వేయండి. కొత్తిమీర కొసరు ఇచ్చే బజారువాడు వానాకాలంలో దాన్ని కొసరు ఇవ్వడం మానేసి ఏ ధర చెబుతాడో కూడా ఆ లెక్కలో కలపండి.

తోట వద్దని నేనే చెప్పే జాగాలు కొన్ని ఉన్నాయి. రోజుకు ఐదారు గంటల ఎండ పడని చోట కాయకూరలు రావు, ఎంత మోజుపడినా. అక్కడ చేమ, పుదీనా వేసుకోవచ్చు. మురికి కాలువ నీళ్లు పోసి ఆకుకూర పెంచడం కన్నా బజారుకు వెళ్లడం మేలు. ఆవిరి ఇంజన్ల కాలం నాటి ఊరు ఇది. గునపం వేస్తే బొగ్గు చిట్టెం, బూడిద కుప్పలు తగిలే చోటు, ఇంజన్ ఆయిలు పోసి నల్లబడిన చోటు, పాత రంగు గీకి పడేసిన గోడ మొదలు, ఇవి తినే పంటకు పనికిరావు. కట్టె బూడిద మొక్కకు మంచిదని బొగ్గుల కుంపటి బూడిద పోసేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ రెండూ ఒకటి కావు, బొగ్గు బూడిదలో మొక్కకు పనికొచ్చేది తక్కువ, ఒంటికి చేటు చేసేది ఎక్కువ. అలాంటి చోట బంతి, చామంతి వేసి, కూరలకు జాగా మార్చాలి. కంచె సంగతి సరేసరి, కాలనీ ఆవులకు, మేకలకు గేటు తీయడం మనకన్నా బాగా వచ్చు.

ఈ కారణాల్లో ఏదో ఒకటి చూపించి ‘‘నా పెరట్లో కుదరదు’’ అనేవాళ్లతో నాకు పేచీ లేదు. మొరం వల్ల కుదరదనేవాళ్లు మాత్రం ముందు గుప్పెడు సున్నం వేసి, విశ్వకర్మ పూజకు నారు సిద్ధం చేసి, బోదె మీద నాటి, మార్చి దాకా ఆగి, అప్పుడు మాట్లాడాలి.